ఆగని ఈలకు కృతజ్ఞత కూడిక

నా చెవులు బాగయ్యాయని మా ఇంటి ముందు టెంటు వేశారు. మూడు రాళ్ల పొయ్యిల మీద పెద్ద గిన్నెలు ఎక్కాయి. పొట్టేలు కూర ఉడుకుతోంది. బొగ్గుబావి క్వార్టర్ల లైను పొడవునా ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు. మా చర్చి సంఘమంతా వస్తోంది. నా భార్య కొత్త చీర కట్టుకుని, వచ్చినవాళ్లకు వందనాలు చెబుతూ, నా వైపు మాత్రం చూడకుండా తిరుగుతోంది. నా చెవులు బాగు కాలేదన్న సంగతి ఆ టెంటు కింద ముగ్గురికే తెలుసు. నాకు, ఆమెకు, ఆమె తమ్ముడికి.

మాలో ప్రార్థన ఫలిస్తే కృతజ్ఞత కూడిక పెట్టుకోవడం ఆనవాయితీ. కొడుక్కు ఉద్యోగం వచ్చినా, ఆపరేషన్ క్షేమంగా అయినా, కొత్త ఇంట్లో అడుగుపెట్టినా సంఘాన్ని పిలుస్తాం. పాటలు పాడతాం, వాక్యం చదువుతాం, మేలు పొందినవాడు లేచి సాక్ష్యం చెబుతాడు. ఆ తర్వాతే అన్నం. సాక్ష్యం లేకుండా విస్తరి వేయరు. కాబట్టి ఆ మధ్యాహ్నం నేను లేచి నిలబడాలి. చెవిలో ఈల మోగుతుండగా, ప్రభువు నా చెవులు బాగుచేశాడని అనాలి. అంటే నా భార్య మాట నిలబడుతుంది. అనకపోతే ఆమె నలుగురిలో అబద్ధాలకోరు అవుతుంది, నేను అవిశ్వాసిని అవుతాను, ఆదివారం ఆరాధనలో బైబిలు పాఠం చదివే పని నా చేతుల్లోంచి పోతుంది.

ఆ పని ఏమంత గొప్పదని అడిగేవాళ్లు ఉంటారు. నాకు గొప్పదే.

నేను డోర్నకల్‌లో పుట్టాను. నాయిన రైలు పట్టాల మీద గ్యాంగులో పనిచేసేవాడు. పొద్దున్నే పనికి వెళ్లేముందు ఇంట్లో ప్రార్థన జరగాలి, ఎవరో ఒకరు పాఠం చదవాలి. తప్పు చదివితే నాయిన కొట్టేవాడు కాదు, "మళ్ల మొదటికెంచి" అనేవాడు. అది దెబ్బకంటే పెద్ద శిక్ష. పాఠం మధ్యలో రైలు పోతే గొంతు పెంచాలి తప్ప ఆగకూడదు. "రైలు దాని పని అది చేస్తంది, నీ పని నువ్వు చెయ్యి" అనేవాడు. అలా చదవడం నేర్చుకున్నవాణ్ణి. పెద్దయ్యాక భూపాలపల్లి బొగ్గుబావిలో ఉద్యోగం వచ్చింది. అక్కడి మా చిన్న చర్చిలో పాఠం చదివే పని నాకు అప్పగించారు. పాస్టరు అయ్యగారికి చాలా ఊళ్లు ఉంటాయి, నెలకు ఒక్కసారే వస్తారు. మిగిలిన ఆదివారాలు సంఘపెద్ద ఆరాధన నడిపిస్తాడు, పాఠం నేను చదువుతాను.

ఇక ఈల సంగతి. ప్రెషర్ కుక్కర్ ఈల వేయబోయే ముందు సన్నగా చీదుతుంది చూడండి, ఆ చీదడం. అది కూతగా మారదు, ఆగదు. ఎడమ చెవిలో ఎక్కువ. కుడి చెవిలో ఉన్నది దాని తమ్ముడు. డాక్టరు దానికి ఏదో పేరు చెప్పాడు. నేను గుర్తుపెట్టుకోలేదు. పేరు పెట్టి పిలిస్తే కుక్కపిల్లలా ఒళ్లోకి ఎక్కుతుందని నా అనుమానం.

నా చెవులు ఎక్కడ పోయాయో నాకు బాగా తెలుసు. భూమి కింద పోయాయి. ఒక బొగ్గు పొర నుంచి ఇంకో పొరకు దారి కావాలంటే మధ్యలో ఉన్న రాతిలో సొరంగం కొట్టాలి. ఆ ముఠాలో నేను డ్రిల్లు పట్టేవాణ్ణి. గాలి ఒత్తిడితో నడిచే మిషన్ను రాతికి ఆనించి తొడతో, భుజంతో నెడుతుంటే ఆ చప్పుడు చెవిలోంచి రాదు, పళ్లలోంచి వస్తుంది. పక్కనే గాలి ఫ్యాను. ముందు రాయి, పైన రాయి, చప్పుడు పోవడానికి చోటే ఉండదు. తిరిగి తిరిగి మా మీదికే వచ్చేది.

చెవుల్లో పెట్టుకోవడానికి రబ్బరు బిరడాలు ఇచ్చారు. ఇవ్వలేదని చెబితే అబద్ధం. మేమే పెట్టుకోలేదు. ఎందుకంటే బండ మాట వినాలి.

పైనున్న బండ కూలే ముందు మాట్లాడుతుంది. ఎక్కడో చిటుక్కుమంటుంది, ఇసుక రాలినట్టు గుసగుస వస్తుంది. డ్రిల్లు ఆపిన ప్రతిసారీ ఇనుప కడ్డీతో కప్పును తట్టి చూసేవాళ్లం. గట్టి బండైతే ఖంగుమంటుంది. లోపల వీడిపోయి ఉంటే బోలుగా పలుకుతుంది, ఎండిన సొరకాయను తట్టినట్టు. ఆ బోలు చప్పుడు విన్నాక ఒకరికొకరం చెప్పుకునే పని లేదు, అందరం ఒకేసారి వెనక్కి జరిగేవాళ్లం. కొత్తగా చేరినవాడు ఎవడైనా బుద్ధిగా బిరడాలు పెట్టుకుంటే మా ముఠా పెద్ద వాటిని తీయించేవాడు.

"చెవులు మూస్కుంటే పానం పోతది బిడ్డా. చెవులు పోతే పానమన్న ఉంటది."

ఆ మాట మీదే బతికాం. నా చెవులు పోయాయి, నేను ఉన్నాను. ఇప్పుడు నన్ను చూసి అయ్యో పాపం అనేవాళ్లు ఉన్నారు. బిరడాలు పెట్టుకోవాల్సిందని బుద్ధి చెప్పేవాళ్లు ఉన్నారు. వాళ్లు ఎవరూ ఆ కప్పు కింద నిలబడలేదు. చెవులు కాపాడి ప్రాణం కూడా కాపాడే ఉపాయం ఉంటే ముందే రావాల్సింది, మేం వద్దనేవాళ్లం కాదు. నేను ఇచ్చి కొన్నదేమిటో నాకు తెలుసు. జాలి నాకు వద్దు.

అయితే పోయింది చప్పుడంతా కాదు. లారీ హారను వినిపిస్తుంది, ఉరుము వినిపిస్తుంది, మగవాళ్ల గొంతు చాలావరకు అందుతుంది. సన్నవన్నీ పోయాయి. ఫోన్ మోగితే పక్కవాడు చెప్పాలి. పిట్టలు నోళ్లు తెరుస్తాయి, మూస్తాయి. ఆడవాళ్ల మాటకు అంచులు పోయాయి. మా ఆవిడ వంటింట్లోంచి పిలిస్తే ఏదో అన్నదని తెలుస్తుంది, ఏమన్నదో తెలియదు. అందుకని ఆమె అరవడం మొదలుపెట్టింది. క్వార్టర్లకు గోడలు కలిసి ఉంటాయి. ఒకనాడు పెరట్లో నిలబడి లైనంతటికీ వినిపించేలా అన్నది:

"మన ఇంట్ల ఏం కూరనో లైనంత తెలుసు. నీకు తప్ప!"

పక్కింటి ఆమె గోడ అవతల నుంచి "చిక్కుడుకాయనట అన్నా" అని అందించింది. ముగ్గురం నవ్వాం. ఆమె నవ్వు తొందరగా అయిపోయింది.

రిటైరయ్యాక వరంగల్ దవాఖానకు వెళ్లాం. అద్దం ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు డొప్పలు తగిలించి, కూత వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నేను నొక్కుతూనే ఉన్నాను. పరీక్ష చేసే అమ్మాయి కాసేపటికి తలుపు తీసింది.

"పెద్దనాయినా, నేను ఇంకా షురువే చెయ్యలే. ఏం ఇని నొక్కుతున్నవ్?"

"నాది నాకు ఇనవడ్తంది బిడ్డా" అన్నాను.

ఈల ఆగడానికి మందు లేదని డాక్టరు నిజమే చెప్పాడు. చెవి మిషన్ పెట్టుకుంటే మాటలు తిరిగి వస్తాయన్నాడు, మాటలు వస్తే ఈల కొంత వెనక్కి తగ్గుతుందన్నాడు. పెద్ద చప్పుళ్లకు దూరంగా ఉండమన్నాడు. నాకు అది మంచి వార్తలాగే వినిపించింది. బయటికి రాగానే మా ఆవిడ వద్దన్నది.

"మిషన్ పెట్టుకుంటే దేవుని మీద ఆశ ఇడిసిపెట్టినట్టే గదా."

"మరి నీ కండ్లద్దాలు ఏంది?"

"అద్దాలు వేరు."

"ఎట్ల వేరు?"

"వేరంటే వేరు. జర ఊకో."

ఆమెది జనగామ దిక్కు, దేవరుప్పుల దగ్గర ఒక పల్లె. ఆమె తమ్ముడు జనగామలో సొంతంగా ఒక సంఘం నడుపుతాడు. రేకుల షెడ్డుతో మొదలుపెట్టి కష్టపడి పెంచాడు. మంచివాడే. ఆకలితో ఉన్న ఇంటిని చూస్తే బియ్యం బస్తా తన భుజం మీద మోసుకుపోతాడు. కాకపోతే దేవుడికి కూడా వినికిడి తక్కువని అనుకుంటాడేమో, సౌండు బాక్సులు మనిషి ఎత్తుకు తక్కువగా పెట్టడు. ఆ సంవత్సరం ఖాళీ మైదానంలో స్వస్థత సభ పెట్టి, అక్కనూ బావనూ తప్పకుండా రమ్మన్నాడు. మిషన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు జనగామ పోదాం అన్నది ఆమె. వెళ్లాం.

మమ్మల్ని ముందు వరుసలో, బాక్సుల పక్కనే కూర్చోబెట్టారు. అది మర్యాద. నేను చెవుల్లో దూది పెట్టుకున్నాను. మా ఆవిడ చూసింది.

"దేవుని మాటకు దూది అడ్డం పెడ్తవా?"

దూది తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆ తర్వాత జరిగింది ప్రార్థన అనాలో, డ్రిల్లు అనాలో నాకు ఇప్పటికీ తెలియదు. ప్యాడ్లు, కీబోర్డు, ప్రసంగీకుడి కేకలు, వేలమంది చప్పట్లు. కుర్చీ వణుకుతోంది. నా పళ్లు వణుకుతున్నాయి. ఆ వణుకును నేను గుర్తుపట్టాను, నా పాత తోటి పనివాడు. అప్పుడు ప్రసంగీకుడు చెయ్యెత్తి, ఇప్పుడు మౌనంగా ప్రార్థిద్దాం అన్నాడు. బాక్సులన్నీ ఒక్కసారి ఆపేశారు.

ఈల లేదు.

ఎన్నో ఏళ్ల తర్వాత నా తలలో నేను ఒక్కణ్ణే ఉన్నాను. ఇల్లు ఖాళీ చేసి ఎవరో వెళ్లిపోయినట్టు ఉంది. కన్నీళ్లు కారుతున్నాయని అవి పెదవి మీదికి వచ్చాకే తెలిసింది. మా ఆవిడ చెయ్యి పట్టుకుని "ఆగింది" అన్నాను. అన్నది అంతే. ఆ క్షణంలో అది నిజం.

ఆమె నా చెయ్యి విడిపించుకుని స్టేజీ వైపు పరుగెత్తింది. ఆ వయసులో ఆమె అంత వేగంగా పరుగెత్తడం నేను చూడలేదు. తమ్ముడు మైకు ఇచ్చాడు. "నా పెనిమిటి చెవులు దేవుడు బాగుచేసిండు!" అన్నది. బాక్సులు మళ్లీ మోగాయి. మైదానమంతా స్తోత్రం అని అరిచింది.

సభ అయ్యాక రోడ్డు మీద చాయ్ తాగుతుంటే ఈల తిరిగి వచ్చింది. ముందు సన్నగా, దూరంగా, ఎవరో వీధి చివర నిలబడి పిలుస్తున్నట్టు. గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఇంట్లోకి వచ్చేసింది. ఈసారి ఇంకో గొంతును కూడా వెంటబెట్టుకుని వచ్చింది. జరిగిందేమిటో నాకు అప్పుడు అర్థమైంది. బావిలో కూడా డ్రిల్లు ఆపిన వెంటనే అలాగే ఉండేది. పెద్ద చప్పుడు దెబ్బకు చెవి కాసేపు మొద్దుబారుతుంది, తేరుకున్నాక ఇంకాస్త చెడుతుంది. డ్రిల్లుకు మేమెప్పుడూ స్తోత్రం చెప్పలేదు.

బస్సులో ఆమెకు చెప్పాను. బస్సు చప్పుడులో నాకు వినిపించాలంటే ఆమె అరవాలి.

"అది సైతాను! నిన్ను పరీక్ష చేస్తుండు! ఉన్నదని నోటితోని ఒప్పుకోకు!"

కండక్టరు మా సీటు దగ్గర ఆగాడు. "అక్కా, నీకైతే ఫ్రీ. సైతాన్‌కు టికెట్ తీస్కున్నరా?"

బస్సంతా నవ్వింది. ఆమె కిటికీ వైపు తిరిగింది. నేను నవ్వలేకపోయాను. ఆమె ఒళ్లో చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఆ పిడికిలిలో నా చెవి దూది ఇంకా ఉంది.

తర్వాతి వారాల్లో మా ఇంట్లో ఎవరం ఆ మాట ఎత్తలేదు. ఆమె మామూలు గొంతుతో మాట్లాడడం మొదలుపెట్టింది, నేను వింటున్నట్టే. నాకు అందేది కాదు. అన్నం పెట్టిందో, మందులు అడిగిందో పెదవులు చూసి ఊహించేవాణ్ణి. మళ్లీ చెప్పమంటే ఆమె ముఖం మాడిపోయేది. సాక్ష్యం వార్త మాత్రం మాకంటే ముందే భూపాలపల్లి చేరింది. సంఘపెద్ద వచ్చి "ఇంత మేలు పొంది కూడిక పెట్టకుంటే ఎట్ల?" అన్నాడు. ఆమె సరేనన్నది. నేను తల ఊపలేదు. ఊపలేదన్న సంగతి ఎవరూ గమనించలేదు.

కూడిక రోజు పొద్దున బామ్మర్ది వచ్చాడు. ఆటో నిండా బాక్సులు. నన్ను పెరట్లోకి తీసుకుపోయి, కుడి పక్కన నిలబడ్డాడు. నా కుడి చెవి కొంత మేలని తెలిసినవాళ్లలో అతనొకడు.

"బావా, రెండే ముచ్చట్లు చెప్పు. బాగుచేసిండు, స్తోత్రం. అంతే. మోగుతే మోగనీ. నోటితోని పోయిందంటె పోతది."

"అన్నంక గూడ మోగితే?"

"ఇంకోసారి అను. విశ్వాసమంటె గదే గదా."

"నువ్వు పాస్టరువు, నిన్నొకటి అడుగుత. సువార్తల ఉన్న ఆ చెవిటోన్ని ప్రభువు బాగుచేసేటప్పుడు ఏం చేసిండు?"

"చెవులల్ల వేళ్లు పెట్టిండు."

"దానికంటె ముంగట?"

అతను ఆలోచించాడు. గుర్తొచ్చిందని ముఖం చెప్పింది.

"జనంలకెంచి పక్కకు తీస్కపోయిండు. లొల్లిలకెంచి అవతలికి తీసిండు. నువ్వేమో నన్ను లొల్లిలకు తీస్కపోయి బాక్సుల పక్కన కూసోవెట్టినవ్. బాగైనంక ఏం చెప్పిండు? ఎవ్వలకు చెప్పకుండ్రి అన్నడు. నువ్వు మైకు చేతులవెట్టినవ్."

"బావా, నీ ఒక్క సాక్ష్యంతోని ఎంతమంది నమ్ముతరో తెలుసా?"

"నమ్మి ఏం జేస్తరు? వాళ్ల చెవులు మోగుతనే ఉంటయి. మోగుతున్నయని చెప్పెటందుకు సిగ్గువడ్తరు. దవాఖానకు గూడ పోరు."

అతనికి కోపం వచ్చింది. కోపం వచ్చినప్పుడు కూడా అతను మంచివాడే. "నీ ఇష్టం బావా. గని అక్క మొఖం జూడు" అని వెళ్లిపోయాడు.

నేను వెళ్లి ఆమె ముఖం చూశాను. వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తోంది. నా అడుగులు విని, దగ్గరగా వచ్చి, ఎవరికీ వినిపించకుండా, నాకు మాత్రమే అందేలా కుడి చెవి దగ్గర అన్నది:

"నీతోని మెల్లగ మాట్లాడి ఎన్నేండ్లయింది? ఒక్క మాటన్న మెల్లగ చెప్పుకోవద్దా మనం? నాకు గది గావాలె. నేను అడిగింది గంతే."

ఆమె మళ్లీ ఉల్లిగడ్డల దగ్గరికి వెళ్లింది. నేను నేర్చుకున్న వాక్యమంతా ఆ వంటింట్లో నాకు ఒక్క జవాబూ ఇవ్వలేదు. ఆమె అడిగింది తప్పు కాదు. దానికోసం నన్ను అనమంటున్నది తప్పు. రెండూ ఒకే గిన్నెలో ఉడుకుతున్నాయి.

పాటలయ్యాయి. సంఘపెద్ద ప్రార్థన చేసి, "ఇప్పుడు మేలు పొందిన సహోదరుడు" అని నా వైపు చెయ్యి చాపాడు. నేను లేచాను. మైకు ఇవ్వబోయారు. వద్దన్నాను. బాక్సు ఆపమన్నాను. ఆపేదాకా నిలబడే ఉన్నాను. బామ్మర్ది తల వంచుకుని వైరు తీశాడు.

చెప్పింది ఇది. ఇందులో ఒక్క మాటా మార్చలేదు, ఎందుకంటే తర్వాత చాలామంది చాలా రకాలుగా చెప్పారు.

"నేను బాయిల పని చేసినోన్ని. కప్పు తట్టి సూసినోన్ని. బోలు సప్పుడొస్తే దానికింద మనుషులను కూసోవెట్టద్దు. ఇయ్యాల నా చెవులు మంచిగైనయని చెప్తే గది బోలు సప్పుడే. జనగామల ఆగింది నిజం. చాయ్ తాగేవరకు మళ్ల మొదలైంది, గది గూడ నిజం. ఇప్పుడు మోగుతంది. మీతోని మాట్లాడుతుంటె మోగుతంది. దేవుడు బాగుచేస్తడని నమ్మినోన్నే, చెయ్యకపోయినా నమ్మేటోన్నే. బైబిల్ల అగ్గిగుండం ముంగట నిలవడ్డ ముగ్గురు గూడ గట్లనే అన్నరు, దేవుడు తప్పించకపోయినా రాజు బొమ్మకు మొక్కమని. నేను గూడ ఈ ఈలకు మొక్క. అబద్ధం చెప్పి దేవునికి పేరు తెచ్చుడు నాతోని గాదు, ఆయనకు నా అబద్ధం అక్కెర లేదు. బాయి కింద పానం నిలవెట్టిండు. గందుకు ఈ కూడిక. తినుండ్రి."

ఎవరూ ఆమేన్ అనలేదు. అన్నా నాకు వినిపించి ఉండేది కాదేమో. కానీ పెదవులు చూస్తున్నాను, కదలలేదు. వెనక వరుసలో నాతోపాటు బావిలో పనిచేసినవాళ్లు కొందరున్నారు. ఒకతను నెమ్మదిగా తన చెవి మీద చెయ్యి వేసుకున్నాడు. ఇంకొకతను అతణ్ణి చూసి కళ్లు దించుకున్నాడు. వాళ్లకూ మోగుతోందని నాకు అప్పుడే తెలిసింది. ఇన్నేళ్లు ఒకే చర్చిలో, ఒకే బెంచీ మీద కూర్చుని, ఎవరి ఈల వాళ్లం దాచుకున్నాం.

సంఘపెద్ద లేవబోయాడు. ఆయన కంటే ముందు మా ఆవిడ లేచింది. గరిట చేతిలోనే ఉంది. ఆమె నా వైపు చూడలేదు. సంఘాన్ని చూస్తూ, ఎన్నో ఏళ్లుగా నాతో మాట్లాడి అలవాటైన ఆ పెద్ద గొంతుతోనే అన్నది:

"ఆయినె ఆగిందన్నడు, ఆగిందని చెప్పిన. నేను అబద్ధమాడలే. మళ్ల మోగుతందని చెప్పిండు, ఇనబుద్ధిగాలే. ఇయ్యాల అందరి ముంగట ఇన్న. గది గూడ నా సాక్ష్యమే, రాస్కోండ్రి. కూర సల్లారుతంది. కూసోండ్రి."

విస్తళ్లు వేశారు. కొందరు తినకుండా వెళ్లిపోయారు. తిన్నవాళ్లు మామూలుకంటే తక్కువ మాట్లాడుతూ తిన్నారు. బామ్మర్ది బాక్సులు ఆటోలో ఎక్కించుకుని పోయాడు. అక్క వెనకాల వెళ్లి డబ్బాలో కూర పెట్టి ఇస్తే తీసుకున్నాడు. నాతో ఇప్పటికీ ఫోన్లో మాట్లాడడు. అక్కను మాత్రం అడుగుతాడట, "బావ ఎట్లున్నడు" అని.

కూడిక అయిన మూడో నాడు పొద్దున ఆమె చీర మార్చుకుని, చేతిలో కవరుతో నిలబడి, "వరంగల్ పోదాం పా" అన్నది. మిషన్ పెట్టించుకున్నాం. దవాఖాన మెట్లు దిగుతుంటే నా చెప్పుల చప్పుడు నాకే వినిపించి వెనక ఎవరో వస్తున్నారని తిరిగి చూశాను. ఆమె చేతిలో కవరు నలిగిన చప్పుడు, గాజుల చప్పుడు. అన్నీ గరుకుగా, రేకు మీద గీసినట్టు ఉన్నాయి. బస్టాండులో ఆమె నా పక్కన కూర్చుని, చుట్టూ చూసి, మెల్లగా ఒక మాట అన్నది. నాకు వినిపించింది. ఆ మాట ఇక్కడ రాయను.

ఈల ఎక్కడికీ పోలేదు. మిషన్ పెట్టుకుంటే వెనక వరుసలో కూర్చుంటుంది, తీస్తే ముందుకు వస్తుంది. దానికోసం నా ఇంట్లో పీట వేయను. సభలకు, బరాత్ డీజేలకు చెవులు అప్పగించను. మా చర్చిలో బాక్సు గోడ వైపు తిప్పించాను. యువకులు గొణిగారు. గొణుగుడు ఇప్పుడు నాకు వినిపిస్తుందని వాళ్లకు కొత్తగా తెలిసింది.

ఇక పాఠం సంగతి. కూడిక అయిన వారమే సంఘపెద్ద ఇంటికి వచ్చి, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోమన్నాడు. సంఘంలో మాటలు వస్తున్నాయన్నాడు.

"పాఠం చదువుడు నోటి పని. నోటికి ఏం గాలే" అన్నాను.

"జనం ఏమనుకుంటరు?"

"మంచిగ చదివిండా లేదా అనుకుంటరు."

ఆయన వేరొకరికి అప్పగిస్తాడని నాకు తెలుసు. ఆదివారం ముందే వెళ్లి, చదివే బల్ల పక్కన మొదటి బెంచీ మీద కూర్చున్నాను. మిషన్ పెట్టుకుని, కనపడేలా జుట్టు వెనక్కి దువ్వుకుని వెళ్లాను. పాఠం వేళ కాగానే, ఎవరి పేరూ పిలవకముందే, లేచి బల్ల దగ్గర నిలబడ్డాను. ఆయన నోరు తెరిచాడు. ఆరాధన మధ్యలో గొడవ ఎందుకనుకున్నాడేమో, మూశాడు.

ఆనాటి పాఠం చూస్తే వంశావళి. ఎవరు ఎవరిని కన్నారో, వాళ్లు ఎవరిని కన్నారో, పేజీ పొడవునా నోరు తిరగని పేర్లు. ధైర్యమిచ్చే వాక్యం కాదు, ఓదార్పు వాక్యం కాదు. చాలామంది చదివేవాళ్లు సగంలో దూకేస్తారు. నేను దూకలేదు. మధ్యలో బొగ్గు లారీలు వరసగా పోయాయి, కిటికీలు అదిరాయి. గొంతు పెంచాను. ఈలను దాటి, లారీలను దాటి, ఒక్క పేరు తడబడకుండా చివరిదాకా చదివాను. మళ్లీ మొదటి నుంచి చదవమనే నాయిన లేడు. ఉన్నా అనేవాడు కాదు.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర అందరితో చేతులు కలుపుతున్నాను. సంఘపెద్ద నా ఎడమ పక్కకు వచ్చి, నేలను చూస్తూ, పెదవులు సరిగా కదపకుండా ఏదో అన్నాడు. మంచి మాట కాదని భుజాలే చెబుతున్నాయి. ఎడమ చెవి మిషన్‌తో కూడా బలహీనమే. ఇంతకుముందైతే తల ఊపి వచ్చేసేవాణ్ణి. అలా తల ఊపి ఎన్ని మాటలకు ఒప్పుకున్నానో దేవుడికే తెలుసు.

"అన్నా, ఇటు కుడి పక్కకు రాండ్రి. మళ్ల చెప్పుండ్రి, జర గట్టిగ."

చుట్టూ జనం ఉన్నారు. బావిలో నాతో పనిచేసినవాళ్లు ఆగారు. మా ఆవిడ చెప్పులు వేసుకోవడం ఆపి నిలబడింది. ఆయన నా చుట్టూ తిరిగి కుడి పక్కకు వచ్చాడు. నేను తల వంచి, మిషన్ సరిచేసుకుని, చెవి ఆయన నోటికి దగ్గరగా పెట్టి వేచి ఉన్నాను. తొందర లేదు.

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"వందనాలు" అన్నాడు, గట్టిగా.

"వందనాలన్నా" అన్నాను. "వచ్చే ఆదివారం పాఠం ఏదో ముందుగాల చెప్పుండ్రి. జర చూస్కొని వస్త."